ఓడలో మౌనవ్రతం

ఆగస్టు 29, శుక్రవారం

మా చీరల షాపులో గణపతి ముందు స్టాఫ్‌కి లక్కీ డ్రా తీశారు. సూరత్ హోల్‌సేల్ వాళ్ళు మా ఓనరు త్రినాథరావు సార్‌కి బహుమతిగా ఇచ్చిన ఓడ టికెట్ అది. చెన్నైలో ఎక్కి, మూడు రాత్రులు సముద్రం మీద తిరిగి, మళ్ళీ చెన్నైలోనే దిగాలి. ఒక్కరికే టికెట్. సార్ భార్యకి ఆటో ఎక్కితేనే వాంతులు. ఆమెను వదిలి వెళ్ళే ధైర్యం సార్‌కి లేదు. అందుకని మా పదమూడు మందిలో ఒకరికి ఇద్దామన్నారు.

నా పేరు వేయకుండా తప్పించుకుందామనుకున్నాను. షాపులో కుర్రాడు మహేష్ పదమూడు చీటీలూ తనే రాశాడు. నాదే వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను గణపతి వైపు చూశాను. ఆయన ఉండ్రాళ్ళ వైపు చూస్తున్నాడు.

తర్వాత సార్ కౌంటర్ వెనక్కి పిలిచారు.

"చూడు సుప్రియా, లైవ్ చేసే అమ్మాయి మానేస్తోంది. సొంతంగా ఛానెల్ పెట్టుకుంటుందంట. నవరాత్రి పాడ్యమి నుంచి నువ్వే చెయ్యాలి."

లైవ్ అంటే ఫోన్ ముందు కూర్చుని, చీర విప్పి చూపించి, చూస్తున్న వందల మందితో మాట్లాడి అమ్మడం. ఆరేళ్ళుగా లైవ్‌లో నేనూ ఉన్నాను. కెమెరా వెనక. ఏ చీర ఎక్కడిది, పడుగు ఏది, పేక ఏది, రంగు ఎలా ఎక్కింది, అంతా స్లిప్పు మీద రాసి ఆ పిల్లకి అందిస్తాను. ఆ పిల్ల చదివి తన మాటల్లా చెబుతుంది. ఏర్పాటు బాగానే నడుస్తోంది.

నేను తల అడ్డంగా ఊపాను.

"రాసేది నువ్వే అయినప్పుడు చెప్పడానికేంటమ్మా?" అన్నారు సార్.

దానికి నా దగ్గర మంచి జవాబు ఉంది. ఇంటికి వచ్చాక తట్టింది.

"ఒకరు రాయడానికి, ఒకరు చెప్పడానికి ఇద్దరిని పెట్టుకోలేను. లైవ్ చేస్తే ఉంటావు. లేదంటే వేరేచోట చూసుకోవాలి, ఏమీ అనుకోకు. పితృపక్షాల్లో ఎలాగూ ఎవరూ చీరలు కొనరు. ఓడెక్కు. నిన్నెవరూ ఎరగని చోట ఓ పదిమందితో మాట్లాడి రా. నోరు దానంతటదే తిరుగుతుంది."

పదిమంది అంటే మాట వరసకి పదా, నిజంగా పదా అని అడగలేదు.

ఆగస్టు 30, శనివారం

టికెట్ వేరేవాళ్ళకి ఇచ్చేయవచ్చేమో సోమవారం అడుగుతాను.

సెప్టెంబర్ 1, సోమవారం

అడగలేదు. సార్ పనిలో ఉన్నారు. పేపరు చదువుతున్నారు.

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి కూర్చున్నానో లేదో, విక్టోరియా మెమోరియల్ దగ్గర మా కింది వాటా ఆంటీ ఎక్కింది. చైతన్యపురిలో దిగిపోయి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచాను. నడక ఒంటికి మంచిది. ఆగస్టులో పదకొండుసార్లు ఇలా ఒంటికి మంచిది చేసుకున్నాను.

సెప్టెంబర్ 3, బుధవారం

అమ్మకి చెప్పాను.

"ఓడనా? నీళ్ళ మీదనా?"

"ఊఁ."

"ఒక్కదానివేనా?"

"ఊఁ."

"ఎవలన్న పలకరిస్తె ఏం జేస్తవే?"

నా సంగతి తెలిసిన మనిషి లోకంలో అమ్మ ఒక్కతే. అందుకే ఇలాంటివి అడుగుతుంది. నేను అన్నం కలుపుతూ ఉండిపోయాను.

"ఒద్దంటనా? పో. నౌకరి పోతె పాయె అందామంటె నా భుజం గిట్లుండె. లేకుంటె మల్ల ఆసు పోద్దును."

పోచంపల్లిలో ఇరవై రెండేళ్ళు ఆసు పోసింది. నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ చేత్తో తిప్పడం ఆ పని. ఒక్క చీరకి కొన్ని వేలసార్లు చెయ్యి పోయి రావాలి. ఇప్పుడు దువ్వెన ఎత్తితే మూలుగుతుంది, తల నేనే దువ్వుతాను. మగ్గం మీద కూర్చునే నాన్న పోయి నాలుగేళ్ళు. నాన్న రోజుకి పది మాటలు మాట్లాడేవాడు, వాటిలో ఆరు మగ్గంతో. ఇంట్లో ఇప్పుడు సంపాదన నాదొక్కదానిదే. ఈ ముక్క ఎందుకు రాస్తున్నానో తెలియదు. నాకు తెలిసిందే కదా.

సెప్టెంబర్ 5, శుక్రవారం

షాపు తెరవగానే ఎవరూ రాకముందు మెరూన్ చీర కట్టిన బొమ్మ ముందు నిలబడి ప్రాక్టీసు చేశాను.

"నమస్తే అండి, నా పేరు సుప్రియ, మీరెక్కడి నుంచి?"

మూడుసార్లు బాగా వచ్చింది. నాలుగోసారి వెనక నుంచి మహేష్, "నేను నల్గొండ అక్కా" అన్నాడు. లైవ్‌లో ఫోన్ చూసుకునేది అతనే.

మధ్యాహ్నం దాకా స్టాక్ రూంలో పని పడింది.

సెప్టెంబర్ 8, సోమవారం

రైలు. పై బెర్త్. అమ్మ సర్వపిండి కట్టి ఇచ్చింది. రైలు కదలకముందే పైకి ఎక్కాను, చెన్నై వస్తే దిగుతాను.

సెప్టెంబర్ 9, మంగళవారం

నన్నెవరూ ఎరగని చోట అన్నారు సార్.

ఓడ ఎక్కే లైనులో నా ముందు ఇరవై నాలుగు నారింజరంగు టోపీలు. టోపీల మీద "మీర్‌పేట సీనియర్ సిటిజన్ల సంఘం" అని రాసి ఉంది. మా ఇంటి నుంచి మీర్‌పేట ఆటోలో పదిహేను నిమిషాలు. పక్షాల్లో టికెట్లు చవకని వచ్చారట.

ఒకావిడ వెనక్కి తిరిగి, "ఏ ఊరు బిడ్డా?" అంది. ప్రాక్టీసులో అడిగేది నేను. బొమ్మ ఎప్పుడూ ముందు అడగలేదు. నాకు ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని, "ఊఁ, ఊఁ, సరే" అన్నాను. లైను ముప్పావుగంట నడిచింది. ముప్పావుగంటా "ఊఁ" అన్నాను.

గది చిన్నది, కిటికీ లేదు. బ్రహ్మాండంగా ఉంది. నాలుగు రోజులూ అందులోనే ఉండిపోదును కానీ భోజనం గదికి పంపరట. పెద్ద హాలు. ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చోవాలో ముందే రాసి పెట్టారు. మూడు పూటలూ అదే బల్ల, అవే మొహాలు. నాది పద్నాలుగు. వెళ్ళేసరికి పద్నాలుగు చుట్టూ ఆరు నారింజ టోపీలు.

లైనులో పలకరించినావిడ పేరు యాదలక్ష్మి. పక్కన ఆమె భర్త అంతయ్య గారు, రిటైరైన బస్సు డ్రైవరు. ఎదురుగా సంఘం ప్రెసిడెంట్ సాంబమూర్తి గారు, గుంటూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా మీర్‌పేటలో ఉంటున్నారట. ఇంకా ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. ఒక పెద్దాయన కూర్చున్నచోటే నిద్రపోతున్నారు.

"మీ పేరేంటమ్మా? ఒక్కరే వచ్చారా?" అన్నారు సాంబమూర్తి గారు.

ఐదు జతల కళ్ళు నా మీదకి తిరిగాయి. గుండె చెవుల్లోకి వచ్చి కొట్టుకుంది. నాలుక ఉంది, ఉన్నట్టు తెలుస్తోంది, అంతే. సంచిలో షాపు స్లిప్పుల పుస్తకం తగిలింది. "గొంతు నొప్పి" అని రాద్దామని తీశాను. గొంతు నొప్పి అంటే ఆరుగురూ ఆరు కషాయాలు చెబుతారు. ఏ కషాయమో నేను ఒప్పుకోవాలి. అందుకని ఇంకోటి రాశాను.

మౌనవ్రతం.

యాదలక్ష్మి గారు చదివి రెండు చేతులూ జోడించారు.

"ఎన్ని దినాలు బిడ్డా?"

నాలుగు వేళ్ళు చూపించాను.

"గీ కాలంల, గింత పిల్ల! సూడుండ్రి."

"ఎందుకు పట్టినవని అడగకుండ్రి, ఫలం పోతది" అంది అక్కాచెల్లెళ్ళలో ఒకామె. అంతే, ఇంకెవరూ ఏమీ అడగలేదు. మన పెద్దలు ఇంత మంచి పద్ధతి పెట్టి పోయారు, ముప్పై ఏళ్ళు వచ్చేదాకా నాకెవరూ చెప్పలేదు.

హాయిగా తిన్నాను. చికెన్ బిర్యానీ చాలా బాగుంది. రెండోసారి పెట్టించుకున్నాను. యాదలక్ష్మి గారు నా ప్లేటు వైపే చూస్తుంటే కావాలేమోనని గిన్నె అటు జరిపాను. ఆమె వద్దని నవ్వారు. చాలా మర్యాద గల మనిషి.

నేను మాట్లాడినవాళ్ళు: సున్న.

సెప్టెంబర్ 10, బుధవారం

సముద్రం ఉంది.

పొద్దున పైన డెక్ మీద ఓ మూల కుర్చీ చూసుకుని కూర్చున్నాను. మౌనంగా ఉన్న మనిషి పక్కన ఇంకో కుర్చీ ఉండకూడదు. ఉంది. ముందు అక్కాచెల్లెళ్ళలో అక్క వచ్చి కూర్చుని, చెల్లెలంటే తనకి చిన్నప్పటి నుంచీ పడదని చెప్పి వెళ్ళింది. కాసేపటికి చెల్లెలు వచ్చి, అక్క తన ప్రాణమని చెప్పి వెళ్ళింది. తర్వాత నిద్రపోయే పెద్దాయన వచ్చారు. ఆయనకి నిద్ర రాదట. కళ్ళు మూసుకోకపోతే సాంబమూర్తి మాట్లాడతాడట. ఈయన నాకు నచ్చారు.

తర్వాత యాదలక్ష్మి గారు.

"నువ్వు ఎవలకు జెప్పవు గాబట్టి జెప్తున్న బిడ్డా. మా పెండ్లయి నలభై ఏండ్లయిందని మా ఆయన పోయినేడు నాకు పోచంపల్లి పట్టుచీర తెచ్చిండు. నేను అడగకుంట ఒక్క చీర తెచ్చుడు గదే మొదలు. మా కోడలు స్వప్న కొంగు ఇప్పి చూసి, 'డిజైన్ కలుస్తలేదత్తమ్మా, డ్యామేజ్ పీస్ అంటగట్టిండ్రు' అన్నది. ఆయన లేడు అప్పుడు, మంచిగైంది. ఇంట్ల కడితె అది మల్ల అంటది, ఆయన చెవుల పడ్తది. అందుకె ఏడాది సంది కట్టలే. గీడ కోడలు లేదు గద. రేపు ఆఖరి భోజనానికి కడ్త. డ్యామేజ్ అయితేంది, ఆయన తెచ్చిండు. ఆయనకు మాత్రం తెల్వద్దు."

నేను తల ఊపాను. తల ఊపడం నాకు బాగా వచ్చు.

సాయంత్రం చాయ్ అయ్యాక అంతయ్య గారు వచ్చారు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు సముద్రాన్ని చూశారు. మాట్లాడకుండానే వెళ్ళిపోతారని ఆశపడ్డాను.

"అమ్మా, నేను మా ఇంటామెకు ఓ చీర తెచ్చిన. ఎగ్జిబిషన్ల. గడబిడల తీస్కున్న. ఇంటికొచ్చి చూస్తె కొంగు కాడ పూలు జర పక్కకు జరిగున్నయి. మోసపోయిన. ఆమె ఏడాదాయె, ఒక్కపారి కట్టలే. ఆమెకు తెలిసిపోయింది గావచ్చు. ముప్పై ఆరేండ్లు బస్సు నడిపిన, ఒక్కర్ని గుద్దలే. గా చీర మాత్రం నాకు గుండెల మీద కూసున్నది."

ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు. ఒకే చీర. ఇద్దరూ ఏడాదిగా దాన్ని ఒకరి నుంచి ఒకరు దాస్తున్నారు. చూస్తే ఒక్క నిమిషంలో చెప్పేయగలను, అది అసలుదో కాదో.

చెప్పను కదా. వ్రతం.

నాతో మాట్లాడినవాళ్ళు: ఐదుగురు. నేను మాట్లాడినవాళ్ళు: సున్న. సార్ ఏ లెక్క అడుగుతారో.

సెప్టెంబర్ 11, గురువారం

మాట్లాడాను. ఇది నేను మర్చిపోకుండా వరసగా రాసుకోవాలి.

రాత్రి భోజనానికి యాదలక్ష్మి గారు ఆ చీర కట్టుకొచ్చారు. వంకాయరంగు పట్టు, కొంగు నిండా ఏనుగులు, పూలు. అంతయ్య గారు చూసి గ్లాసు ఎత్తి పెట్టేశారు, నీళ్ళు తాగలేదు. ఆమె నా పక్కనే కూర్చున్నారు. కొంగు నా చేతికి తగులుతోంది. దాని వెనకవైపు ఒక్కసారి చూస్తే చాలు. అడగాలంటే మాట్లాడాలి.

సాంబమూర్తి గారు కళ్ళజోడు పైకి తోశారు.

"చెల్లెమ్మా, ఏమీ అనుకోకండి. చీరల విషయం నాకు బాగా తెలుసు, మా బావగారిది బట్టల కొట్టు. ఇది పోచంపల్లి కాదు, ప్రింటు. చూశారా, ఇక్కడ పువ్వు పువ్వుతో కలవట్లేదు. ఎవరో బాగా టోపీ పెట్టారు."

అంతయ్య గారు తల వంచుకున్నారు. మెడ దగ్గర ఎర్రగా అయింది. యాదలక్ష్మి గారు కొంగు మడిచి ఒళ్ళోకి లాక్కున్నారు, పళ్ళెం వైపు చూస్తూ, "తిను, సల్లారుతది" అని భర్తతో అన్నారు. ఆ కొంగు లాక్కోవడంలో వెనకవైపు నాకు కనిపించింది.

"ప్రింటు కాదు."

ఎవరన్నారా అని అందరూ చూశారు. నేను కూడా చూశాను. నేనే.

"ఎన్క తిప్పి చూడుండ్రి. ముందెట్లున్నదో ఎన్క గట్లనే ఉన్నది. ప్రింటైతె ఎన్క పాలిపోతది. గీ ఏనుగు అంచు చూడుండ్రి, రంగు జర పక్కకు పాకినట్టున్నది. పోగులకు రబ్బరు ముక్కలు కట్టి రంగుల ముంచుతరు, ముడి కిందికి రంగు జరంత పోతది, అందుకె గట్లుంటది. ప్రింటు కత్తితోని కోసినట్టుంటది. ఇగ గీ పూలు కలుస్తలేవంటున్నరు గద సార్. కలవయి. నేసేటాయన పోగు పోగు చూసి జరుపుకుంట నేస్తడు. ఎక్కడనో ఒక కాడ రెండు పోగులు జరుగుతయి. మా నాయినకు జరుగుతుండె, మా అమ్మ తిడుతుండె. మిషనైతె జరగదు. గిది జరిగింది, అంటె మనిషి నేసిండు. డ్యామేజ్ కాదు, ఏం కాదు. అసల్ చీర. మంచిది తెచ్చిండ్రు సార్ మీరు."

చివరి మాట అంతయ్య గారితో. ఊపిరి తీసుకున్నానో లేదో గుర్తులేదు. షాపు తెలుగు రాలేదు, ఇంటి తెలుగు వచ్చింది.

సాంబమూర్తి గారు కొంగు తిప్పి చూశారు. మళ్ళీ తిప్పారు. "మా బావగారిది ఎక్కువగా కాటన్ లెండి" అన్నారు.

అంతయ్య గారు భార్యని చూశారు. "నీకెర్కేనా, పూలు జరిగినయని?"

"నీకెర్కేనా?"

ఆయన నీళ్ళు తాగారు. ఆమె కొంగు ఒళ్ళోంచి తీసి భుజం మీద విప్పుకున్నారు, ఏనుగులన్నీ కనిపించేలా. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో రాయను.

అంతలో యాదలక్ష్మి గారు నా చెయ్యి పట్టుకున్నారు. "అయ్యో బిడ్డా! నా చీర కోసం వ్రతం పాయె గద! ఇంకొక్క దినమే ఉండె!"

అక్కాచెల్లెళ్ళు కూడా అయ్యో అన్నారు. చెడిన వ్రతానికి ఉద్యాపన చెయ్యాలట, పసుపు కుంకుమలు పెట్టి ముగించాలట, ఆ ఖర్మ తన మీద ఉంచుకోనన్నారు యాదలక్ష్మి గారు. "నేను జేపిస్త. నువ్వు పనిచేసేది యాడ? అడ్రస్ చెప్పు."

నా మాటల కోటా అప్పటికే అయిపోయింది. స్లిప్పు మీద రాసి ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది.

నేను మాట్లాడినవాళ్ళు: ఆరుగురు.

సెప్టెంబర్ 13, శనివారం

ఇల్లు. అమ్మ తలుపు తీసి, "మాట్లాడినవా?" అంది.

"ఆరుగురితోని."

నమ్మలేదు. చీర సంగతి మొత్తం చెప్పాను. నా తల మీద చెయ్యి పెట్టబోయింది, భుజం పట్టేసింది, వీపు మీద పెట్టి ఊరుకుంది.

సెప్టెంబర్ 14, ఆదివారం

సార్ ఎంతమందితో మాట్లాడావని అడిగారు. పది అన్నాను.

సెప్టెంబర్ 17, బుధవారం

ట్రయల్ లైవ్. చూసేవాళ్ళు ఎవరూ ఉండరు, మహేష్ ఒక్కడే. నాలుగు నిమిషాలు కూర్చున్నాను.

"వీడియో ఆగిపోయిందనుకున్న అక్కా. ఎన్క ఫ్యాన్ తిరుగుతుంటె ఆగలేదని తెలిసింది" అన్నాడు మహేష్.

ఓడలో వచ్చింది కదా. ఓడ కదులుతుంది కాబట్టి వచ్చిందేమో. షాపు కదలదు.

సార్ ఇంకో అమ్మాయితో మాట్లాడి పెట్టారట. సోమవారం నాలుగింటికి నేను చెయ్యకపోతే మంగళవారం ఆమె వస్తుంది.

సెప్టెంబర్ 19, శుక్రవారం

ట్రయల్. ఆరు నిమిషాలు. ఫ్యాన్ బాగా తిరిగింది.

భయంగా ఉంది. ఇంత పెద్ద మనిషిని అయ్యుండి, చీర గురించి నాలుగు ముక్కలు చెప్పడానికి చచ్చేంత భయంగా ఉంది. ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను.

సెప్టెంబర్ 21, ఆదివారం

అమ్మ బతుకమ్మ పేర్చింది. పూలు నేను అందించాను. రేపటి గురించి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

సెప్టెంబర్ 22, సోమవారం

నాలుగింటికి తెల్లటి పరుపు మీద కూర్చున్నాను. స్టాండ్ మీద ఫోన్. వెనక సార్. పక్కన పదిహేను చీరలు, అన్నింటికీ స్లిప్పులు నేనే రాసి పెట్టుకున్నాను. మహేష్ మూడు వేళ్ళు చూపించాడు, రెండు, ఒకటి.

ఎనభై ఆరు మంది చూస్తున్నారు.

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. మూసి మళ్ళీ తెరిచాను. మొదటి చీర విప్పాను, అందులో ఏదైనా దొరుకుతుందేమోనని.

"సౌండ్ వస్తలేదంటున్నరక్కా" అని మహేష్ గొంతు తగ్గించి చెప్పాడు.

సార్ వాచీ చూసుకున్నారు. అమ్మ భుజం గుర్తొచ్చింది. అయినా ఏమీ రాలేదు.

తలుపు తెరుచుకుంది. ఆరు నారింజ టోపీలు.

ముందు యాదలక్ష్మి గారు, వంకాయరంగు చీర. చేతుల్లో స్టీలు పళ్ళెం: పసుపు, కుంకుమ, గాజులు, రవిక ముక్క. వెనక అంతయ్య గారు, సాంబమూర్తి గారు, అక్కాచెల్లెళ్ళు, నిద్రపోయే పెద్దాయన.

"ఈడనే ఉన్నది! బిడ్డా, ఉద్యాపనకొచ్చినం."

"ఆంటీ, లైవ్ నడుస్తున్నది, జర పక్కకు" అన్నాడు మహేష్.

"ఏం లైవో. నువ్వే జరుగు."

వచ్చి నా ఎదురుగా, ఫోన్‌కి వీపు పెట్టి పరుపు మీద కూర్చున్నారు. కుంకుమలో వేలు ముంచి నా నుదుటి వైపు తెచ్చారు. నేను వెనక్కి జరిగాను. లేని వ్రతానికి ఇంత పెద్దావిడ చేత బొట్టు పెట్టించుకుంటే కళ్ళు పోతాయి.

"వద్దమ్మా" అన్నాను. "వ్రతం లేదు. అబద్ధం చెప్పిన. నాకు మనుషులంటె భయం. ఎవలన్న పేరడిగితె గొంతు పడిపోతది. మెట్రోల తెలిసినోళ్ళు ఎక్కితె దిగిపోత. గా దినం మీరందరు నా దిక్కు చూసిండ్రు, ఏం జెయ్యాల్నో తెల్వక రాసిచ్చిన. మీరు నన్ను నమ్మి మీ ఇంటి ముచ్చట్లు చెప్పుకున్నరు. నేను మోసం చేసిన. గీ పసుపు కుంకుమకు నేను తగ."

సార్ మొహం మీద చెయ్యి పెట్టుకున్నారు. ఫోన్ నడుస్తూనే ఉంది.

యాదలక్ష్మి గారు వేలు వెనక్కి తీసుకోలేదు.

"మాకెర్కే బిడ్డా."

"ఏందమ్మా?"

"మొదటి దినమే ఎర్క. కోడి బిర్యాని రెండుమాట్ల పెట్టిచ్చుకున్నవు. వ్రతంల ఉన్నోళ్ళు కోడిని తింటరా ఏడన్న?"

అంతయ్య గారు టోపీ సర్దుకున్నారు. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఆ గిన్నె ఆమె వైపు జరపడం గుర్తొచ్చింది.

"ఎర్కయి గూడ ఎందుకు జెప్పలేదమ్మా?"

"ఏం జెప్పాలె? మా ఇండ్లల్ల అందరు చెప్పెటోళ్ళే, ఇనెటోళ్ళు లేరు. నువ్వు ఇన్నవు. నువ్వు మాట్లాడితె మేం చెప్పకపోదుం. మంచిగనే ఉండె గద."

"మరి గీ ఉద్యాపన?"

"నిన్ను చూడబుద్ధయింది. ఉత్త చేతులతోని ఎట్లొస్తం?"

బొట్టు పెట్టేశారు. అడ్డంగా పడింది, మహేష్ తర్వాత చెప్పాడు.

"ఇగ నువ్వు జెప్పు, మేం ఇంటం. గా ఫోను దిక్కు చూడకు, మా దిక్కు చూడు" అంటూ పక్కకి జరిగారు. ఆరుగురూ ఫోన్ పక్కన వరసగా కూర్చున్నారు. పెద్దాయన కళ్ళు మూసుకున్నారు. సాంబమూర్తి గారు, "ముందు వెనకవైపు తిప్పి చూపించండమ్మా, అసలు తేడా అక్కడే తెలుస్తుంది" అని అందరికీ వినపడేలా అన్నారు.

చీర తిప్పాను. వెనక నుంచి మొదలుపెట్టాను. స్లిప్పులు చూడలేదు. ఒక్కసారి మాత్రం పెద్దాయన కళ్ళు తెరిచి, "గా పచ్చ చీర మల్ల చూపియ్యి" అన్నారు.

నలభై ఐదు నిమిషాలు. పదిహేనులో పదకొండు చీరలు పోయాయి. అయ్యేసరికి నాలుగొందల మంది ఉన్నారట. సగం మంది కోడి సంగతి అడుగుతున్నారని మహేష్ చెప్పాడు.

సార్ దగ్గరికి వచ్చి, "బాగానే ఉంది. ఆ కోడి సంగతి తీసేయొచ్చా?" అన్నారు.

"లైవ్ సార్" అన్నాడు మహేష్. "అందరు చూసేసిండ్రు."

మంగళవారం రావాల్సిన అమ్మాయికి సార్ ఫోన్ చేసి రావద్దని చెప్పారు. నా ముందే చేశారు. ఇంటికి వచ్చి అమ్మ తల దువ్వాను. అమ్మ ఫోన్లో అప్పటికే రెండుసార్లు చూసిందట. "బిర్యాని గంత మంచిగుండెనా?" అంది.

సెప్టెంబర్ 24, బుధవారం

పొద్దున మెట్రోలో విక్టోరియా మెమోరియల్ దగ్గర ఎక్కిన ఒకామె నన్నే చూస్తోంది. తెలియని మనిషి. రెండు అడుగులు దగ్గరికి వచ్చి, "కోడి వ్రతం మీరే గదా?" అంది.

చైతన్యపురి వచ్చింది. దిగిపోయాను.

ఆమె కూడా దిగింది.

"నా దగ్గర మా అమ్మ చీర ఒకటుంది, అసల్దో కాదో తెలుస్తలేదు. ఎట్ల చూడాల్నో జర చెప్పరాదుండ్రి?"

దిల్‌సుఖ్‌నగర్ దాకా ఇద్దరం నడిచాం. వెనకవైపు ఎలా చూడాలో చెప్పాను, అంచు ఎలా చూడాలో చెప్పాను, నాన్న రెండు పోగులు జరిపితే అమ్మ ఏమని తిట్టేదో కూడా చెప్పాను. ఆమె ఆఫీసుకి ఆలస్యమయింది.

నేను మాట్లాడినవాళ్ళు: ఏడుగురు. సార్‌కి పది అని చెప్పాను. ఇంకా ముగ్గురు కావాలి.